ఫారిన్ వెబ్‌సైట్‌లో ఆర్డర్ పెట్టే ముందు కస్టమ్స్ లెక్క వేసుకోవడం ఎలా?

వెబ్‌సైట్‌లో తొమ్మిది వేలని చూసి కీబోర్డుకు డబ్బు కట్టేస్తారు. మూడు వారాలు ట్రాకింగ్ చూస్తూ కూర్చుంటారు. తీరా పార్సిల్ వచ్చే రోజు కొరియర్ అబ్బాయి ఫోన్ చేసి "సార్, డ్యూటీ నాలుగు వేలు రెడీ పెట్టుకోండి" అంటాడు. తిరుపతి దగ్గర యేర్పేడు ఐఐటీ హాస్టల్ పిల్లల దగ్గర్నుంచి చిత్తూరులో కెమెరా లెన్సు తెప్పించుకునే ఫోటోగ్రాఫర్ దాకా ఈ ఫోన్ చాలామందికి వస్తోంది. ఆ అబ్బాయితో గొడవ పెట్టుకుని లాభం లేదు. ఆ డబ్బు అతని జేబులోకి పోదు, ఆ లెక్క వేసింది కూడా అతను కాదు.

పన్ను కట్టడం తప్పని నేను అనను. ఎంత కట్టాలో కొనేవాళ్లకు ముందే తెలియకపోవడమే నాకు బాధ. అమ్మేవాడు చెప్పడు, కొరియర్ కంపెనీ ఆఖరి నిమిషంలో చెబుతుంది. అందుకని ఆ లెక్క మనమే, ఆర్డర్ బటన్ నొక్కక ముందే వేసుకోవాలి. కష్టమేమీ కాదు, క్యాలిక్యులేటర్ పట్టుకుంటే పది నిమిషాల పని.

1. ధరలో పన్ను కలిసి ఉందా లేదా ముందు తేల్చుకోండి

చెకౌట్ పేజీ చివరిదాకా వెళ్లండి, డబ్బు మాత్రం కట్టకండి. అక్కడ మూడు రకాల మాటల్లో ఏదో ఒకటి కనిపిస్తుంది. "డీడీపీ" అనో "డ్యూటీస్ ఇన్‌క్లూడెడ్" అనో ఉంటే పన్ను అమ్మేవాడే కడతాడు, ఇంటి దగ్గర మీరు కట్టేది ఏమీ ఉండదు. "డీఏపీ", "డీడీయూ", "డ్యూటీస్ నాట్ ఇన్‌క్లూడెడ్" అని ఉంటే మొత్తం భారం మీదే. మూడోది అమెజాన్ లాంటి చోట్ల ఉండే "ఇంపోర్ట్ ఫీజ్ డిపాజిట్". అంటే అంచనా పన్నును ముందే వసూలు చేసుకుంటారు, అసలు పన్ను అంతకంటే తక్కువైతే మిగిలింది తిరిగి ఇస్తారు. నాకు ఈ మూడో పద్ధతే నచ్చుతుంది. ధర కాస్త ఎక్కువ అనిపించినా, ఎంతవుతుందో ముందే తెలుస్తుంది.

ఏమీ రాసి లేకపోతే పన్ను మీదేనని అనుకోండి. చిన్న వెబ్‌సైట్ అయితే ఒక మెయిల్ పెట్టి అడగండి: ఇండియాకు పంపితే డ్యూటీ మీరు కడతారా, నేను కట్టాలా? ఏ కొరియర్‌లో పంపుతారు? ఆ జవాబును దాచి పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

2. కాగితం మీద లెక్క వేయండి

చాలామంది పొరబడేది ఇక్కడే. పన్ను వస్తువు ధర మీద మాత్రమే పడుతుందని అనుకుంటారు. కస్టమ్స్ వాళ్లు వస్తువు ధరకు షిప్పింగ్ చార్జీ, ఇన్సూరెన్స్ కూడా కలిపి, ఆ మొత్తాన్నే విలువగా తీసుకుంటారు. ఇన్సూరెన్స్ ఎంతో తెలియకపోతే ధరలో 1.125 శాతం వేస్తారు. రవాణా ఖర్చు తెలియకపోతే ధరలో 20 శాతం వేస్తారు. విమానంలో వచ్చిన సరుకుకు రవాణా కింద 20 శాతానికి మించి కలపకూడదని రూలు ఉంది. డాలర్‌ను రూపాయల్లోకి మార్చేది కూడా కస్టమ్స్ వాళ్లు ప్రకటించే రేటుతోనే. గూగుల్‌లో కనిపించే రేటుకు, దానికి కొంచెం తేడా ఉంటుంది.

వ్యక్తిగత వాడకానికి పోస్టులోనో కొరియర్‌లోనో వచ్చే వస్తువులకు కస్టమ్స్ టారిఫ్‌లో 9804 అనే పద్దు ఉంది. దీని మీద మూడు పొరలు పడతాయి. మొదట బేసిక్ డ్యూటీ. ఆ డ్యూటీ మీద 10 శాతం సోషల్ వెల్ఫేర్ సర్‌చార్జి. విలువకు ఇవన్నీ కలిపిన మొత్తం మీద ఐజీఎస్టీ, అంటే దిగుమతుల మీద వేసే జీఎస్టీ. పన్ను మీద పన్ను పడుతుంది కాబట్టే ఆఖరి అంకె మన నోటి లెక్కకు అందదు.

కొన్నేళ్ల పాటు బేసిక్ 35 శాతం, ఐజీఎస్టీ 28 శాతం ఉండేవి. మూడు పొరలూ కలిపితే 77.28 శాతం. పాత పోస్టులు చదివి ఇప్పటికీ అదే అంకె చెప్పేవాళ్లు ఉన్నారు, నమ్మకండి. 2025 బడ్జెట్‌లో బేసిక్ డ్యూటీని 20 శాతానికి దించారు. 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ స్లాబులు మారినప్పుడు ఐజీఎస్టీ 18 శాతానికి దిగింది. 2026 బడ్జెట్‌లో బేసిక్‌ను 20 నుంచి 10 శాతానికి తగ్గిస్తున్నట్టు ప్రకటించారు. ఏటా ఇలా మారుతూ ఉంటాయి కాబట్టి ఆర్డర్ పెట్టే రోజున కస్టమ్స్ వాళ్ల ఐస్‌గేట్ పోర్టల్‌లోని డ్యూటీ క్యాలిక్యులేటర్ ఒకసారి చూసుకోండి.

మన కీబోర్డునే తీసుకుందాం. ధర 100 డాలర్లు, షిప్పింగ్ 20 డాలర్లు. సులువుగా ఉండటానికి డాలర్‌కు 90 రూపాయలు అనుకుందాం. బేసిక్ 10 శాతం, దాని మీద సర్‌చార్జి, ఐజీఎస్టీ 18 శాతం వేద్దాం. మూడు పొరలూ పడతాయనే అనుకుందాం, అంచనా కాస్త పైకే ఉంటే మంచిది.

వస్తువు 9,000. షిప్పింగ్ 1,800. ఇన్సూరెన్స్ కింద 101. విలువ 10,901 రూపాయలు.
బేసిక్ డ్యూటీ 1,090. సర్‌చార్జి 109. ఇక్కడికి 12,100.
దాని మీద 18 శాతం ఐజీఎస్టీ 2,178.
మొత్తం పన్ను 3,377 రూపాయలు.

ఇదే పార్సిల్‌కు పాత రేట్లలో అయితే 8,424 రూపాయలు పడేది. భారం బాగానే తగ్గింది, ఒప్పుకోవాలి. కానీ లెక్క ఇంకా అయిపోలేదు.

3. కార్డు వాళ్లు తీసుకునేది కూడా కలపండి

డాలర్లలో కడితే బ్యాంకు ఫారెక్స్ మార్కప్ వేస్తుంది. చాలా కార్డులకు అది 2 నుంచి 3.5 శాతం దాకా ఉంటుంది, ఆ మార్కప్ మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ. మన ఉదాహరణలో 10,800 రూపాయల మీద 3.5 శాతం అంటే 378, జీఎస్టీతో కలిపి 446. కొన్ని సైట్లు "రూపాయల్లోనే కట్టండి" అని ఊరిస్తాయి. ఆ రేటులో వాళ్ల లాభం కలిపే ఉంటుంది కాబట్టి రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూసి ఎంచుకోండి.

ఇంకొకటి. 2020లో రిజర్వు బ్యాంకు పెట్టిన నిబంధన ప్రకారం కొత్త కార్డుల్లో అంతర్జాతీయ చెల్లింపులు ఆఫ్ అయి ఉంటాయి. బ్యాంకు యాప్‌లో ఆన్ చేసి, పని అయ్యాక మళ్లీ ఆఫ్ చేసేయండి.

4. పోస్టులో వస్తుందా, కొరియర్‌లో వస్తుందా?

రేణిగుంటలో ఎయిర్‌పోర్టు ఉంది కదా, అక్కడే దిగుతుందని అనుకునేవాళ్లు ఉన్నారు. అలా జరగదు. విదేశీ పార్సిళ్లు ఢిల్లీ, ముంబై, చెన్నై, బెంగళూరు లాంటి పెద్ద ఊళ్లలో కస్టమ్స్ దాటాక రోడ్డు మీదో రైల్లోనో మన దగ్గరికి వస్తాయి. తపాలా శాఖకు అయితే ఇందుకోసం ఫారిన్ పోస్టాఫీసులు ఉన్నాయి, మనకు దగ్గరలో ఉన్నది చెన్నైలో. ట్రాకింగ్‌లో "కస్టమ్స్" అనే మాట దగ్గర నాలుగైదు రోజులు ఆగిపోతే టెన్షన్ పడకండి. అక్కడ క్యూ ఉంటుంది.

ఏ దారిన వస్తుందో ట్రాకింగ్ నంబర్ చూస్తే తెలిసిపోతుంది. రెండు ఇంగ్లీషు అక్షరాలు, తొమ్మిది అంకెలు, చివర దేశం పేరుకు రెండు అక్షరాలు, మొత్తం పదమూడు ఉంటే అది పోస్టు. ఉత్త అంకెలే ఉంటే సాధారణంగా ప్రైవేటు కొరియర్.

పోస్టు పార్సిల్ మీద సీఎన్ 22 అనే చిన్న చీటీ అంటించి ఉంటుంది, చాలా దేశాల్లో ఆకుపచ్చ రంగులో. విలువ ఎక్కువైతే సీఎన్ 23 అనే పెద్ద ఫారం పెడతారు. లోపల ఏముంది, బరువెంత, విలువెంత, గిఫ్టా అమ్మకమా అని గడుల్లో టిక్కులు పెట్టి అమ్మేవాడు సంతకం చేసి ఉంటాడు. కస్టమ్స్ ఆఫీసర్ మొదట చూసేది ఈ చీటీనే. దాని మీద "పార్ట్స్" అనో "శాంపిల్" అనో గజిబిజిగా రాసి ఉంటే పెట్టె విప్పి చూస్తారు, ఆలస్యమవుతుంది. అందుకని వస్తువు పేరు స్పష్టంగా రాయమని, పెట్టెలో ఇన్‌వాయిస్ కూడా పెట్టమని అమ్మేవాడికి ముందే మెసేజ్ పెట్టండి. పన్ను పడితే పోస్టుమ్యాన్ పార్సిల్ ఇచ్చేటప్పుడు ఆ డబ్బు తీసుకుంటాడు. తపాలా శాఖ తన పనికి తీసుకునేది చిన్న మొత్తమే.

కొరియర్ సంగతి వేరు. త్వరగా వస్తుంది, ఫోన్ చేస్తే పలికేవాళ్లుంటారు. కానీ వాళ్లు మీ తరఫున పన్నును ముందే కట్టేస్తారు, అలా కట్టినందుకు అడ్వాన్స్‌మెంట్ ఫీజు అనో డిస్బర్స్‌మెంట్ ఫీజు అనో వేస్తారు. క్లియరెన్స్ చార్జి వేరే ఉండొచ్చు. మీ కాగితాలు ఆలస్యమై సరుకు గోడౌన్‌లో ఉండిపోతే స్టోరేజీ చార్జి పడుతుంది. వీటన్నిటి మీదా 18 శాతం జీఎస్టీ. రెండు వేల రూపాయల వస్తువుకు ఐదారు వందలు పన్ను పడి, కొరియర్ ఫీజే అంతకంటే ఎక్కువ అయ్యే సందర్భాలు ఉన్నాయి. చిన్న వస్తువులకు పోస్టే మేలు. ఖరీదైనవి, పగిలిపోయేవి అయితే కొరియర్ మీద పెట్టే ఖర్చు దండగ కాదు.

మన ఉదాహరణలో కొరియర్ ఫీజు 600, దాని జీఎస్టీ 108 అనుకుందాం. ఇప్పుడు అన్నీ కూడండి: వస్తువు, షిప్పింగ్ 10,800, పన్ను 3,377, కార్డు 446, కొరియర్ 708. మొత్తం 15,331 రూపాయలు. వెబ్‌సైట్ చూపించింది 9,000. ఇదే కీబోర్డు మన దేశంలో పద్నాలుగు వేలకు దొరుకుతుంటే ఇక్కడే కొనండి, వారంటీ కూడా వస్తుంది.

5. పేరు, కేవైసీ సరిచూసుకోండి

కస్టమ్స్ క్లియరెన్స్‌కు కొరియర్ వాళ్లు ఆధారో, పాస్‌పోర్టో, పాన్ కార్డో అడుగుతారు. పార్సిల్ మీది పేరు దానితో కలవాలి. మన వైపు ఇది పెద్ద చిక్కు. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ముందు ఉంటుంది, మనం ఆర్డర్ పెట్టేటప్పుడు ఇనీషియల్‌తో సరిపెడతాం, లేదా ఇంట్లో పిలిచే పేరు కొట్టేస్తాం. పేరు కలవలేదని పార్సిల్ వారం ఆగిందంటే స్టోరేజీ మీరే కట్టాలి. ఆధార్ ముందు పెట్టుకుని అందులో ఉన్నట్టే టైపు చేయండి. హాస్టల్ అడ్రస్ ఇస్తే రూము నంబర్, మీ ఫోన్ నంబర్ రాయండి. పిన్ కోడ్ సరిగ్గా ఇవ్వండి. తిరుపతి హెడ్ పోస్టాఫీసు 517501, చిత్తూరు 517001, మీ పేటకు వేరే ఉండొచ్చు.

సొంత వాడకానికి తెప్పించుకుంటే ఇంపోర్టు లైసెన్సు లాంటి ఐఈసీ కోడ్ అక్కర్లేదు. తిరుపతి గాంధీ రోడ్డులో షాపు పెట్టుకుని యాభై ఫోన్ కవర్లు తెప్పిస్తే మాత్రం అది సొంత వాడకం కిందికి రాదు, ఐఈసీ కావాలి. వ్యాపారానికైతే మొదటే అలా చెప్పి జీఎస్టీ నంబర్ ఇవ్వండి, కట్టిన ఐజీఎస్టీకి క్రెడిట్ తీసుకునే వీలుంటుంది.

6. "గిఫ్ట్ అని రాయించు" అనే సలహా వినకండి

అమెరికాలో ఉన్న అక్కో బావో పంపేది గిఫ్టే కదా, దానికి పన్నేంటి అని అడుగుతారు. ఒకప్పుడు 5,000 రూపాయల దాకా గిఫ్టులకు మినహాయింపు ఉండేది. చైనా సైట్లు సరుకంతా గిఫ్టు పేరుతో పంపడం మొదలుపెట్టాక 2019 డిసెంబర్‌లో దాన్ని తీసేశారు. ఇప్పుడు ప్రాణాధార మందులకు, రాఖీలకు తప్ప పోస్టులో, కొరియర్‌లో వచ్చే గిఫ్టులన్నిటికీ పన్ను ఉంది. రాఖీ అంటే రాఖీ మాత్రమే, దానితో పాటు పెట్టిన వాచీకి మినహాయింపు లేదు. మీ వాళ్లు సంక్రాంతికి పిల్లలకు బొమ్మలో బట్టలో పంపాలనుకుంటే, ఇక్కడే ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టి మీ అడ్రస్ ఇవ్వమనండి. లేదా ఎవరైనా వచ్చేటప్పుడు లగేజీలో తెమ్మనండి, ప్రయాణికులకు ఉండే పరిమితి వేరు.

విలువ తగ్గించి రాయమని అమ్మేవాడిని అడగడం ఇంకా ప్రమాదం. వంద డాలర్ల వస్తువుకు పది డాలర్లు అని ఉంటే ఆఫీసర్ ఆ విలువను కొట్టేసి తన లెక్క వేయగలడు, సరుకు జప్తు చేసి జరిమానా కూడా వేయగలడు. పైగా పార్సిల్ పోతే నష్టపరిహారం ఆ పది డాలర్లకే వస్తుంది.

7. అసలు రానివ్వని వస్తువు కాదు కదా?

డ్రోన్లు తెప్పించకండి. 2022 ఫిబ్రవరి నుంచి వాటి దిగుమతి మీద నిషేధం ఉంది. ఈ-సిగరెట్లు 2019 చట్టం కింద పూర్తిగా నిషిద్ధం, ఒక్కటి కూడా కుదరదు. శాటిలైట్ ఫోన్ల జోలికి పోవద్దు. మిద్దె తోటకు విత్తనాలు, మొక్కలు తెప్పించాలంటే ప్లాంట్ క్వారంటైన్ అనుమతి ఉండాలి. మందుల విషయంలో జాగ్రత్త: తిరుపతి స్విమ్స్ ఆసుపత్రి లాంటి చోట వైద్యం చేయించుకుంటూ ఇక్కడ దొరకని మందు అవసరమైతే, డాక్టర్ ప్రిస్క్రిప్షన్‌తో 12ఏ ఫారంలో దరఖాస్తు పెట్టి 12బీ పర్మిట్ తీసుకునే పద్ధతి డ్రగ్స్ రూల్స్‌లోనే ఉంది. మందు వచ్చి కస్టమ్స్‌లో ఆగాక పరుగులు పెట్టే బదులు ఆర్డర్‌కు ముందే డాక్టర్‌తో మాట్లాడండి.

8. గడప దగ్గర డబ్బు ఇచ్చే ముందు కాగితం అడగండి

కొరియర్ అబ్బాయి చెప్పిన మొత్తం మీ లెక్కకు వంద, రెండొందలు అటూఇటూగా ఉంటే కట్టేయండి. బాగా ఎక్కువ ఉంటే "అన్నా, ఒక్క నిమిషం, బిల్లు చూపించు" అనండి. రెండు కాగితాలు ఉండాలి. ఒకటి కొరియర్ బిల్ ఆఫ్ ఎంట్రీ, అంటే కస్టమ్స్ వేసిన పన్ను వివరం. రెండోది కొరియర్ కంపెనీ సొంత ఫీజుల ఇన్‌వాయిస్. అతని చేతిలో లేకపోతే మెయిల్‌కు తెప్పించుకోండి.

బిల్ ఆఫ్ ఎంట్రీలో మూడు చోట్ల వేలు పెట్టి చూడండి: విలువ, పద్దు నంబర్, డ్యూటీ శాతం. ఎక్కువగా తేడా వచ్చేది విలువ దగ్గరే. డిస్కౌంట్‌లో 60 డాలర్లకు కొన్నదాన్ని 100 డాలర్ల పూర్తి ధరకు లెక్కేసి ఉండొచ్చు. ఇన్‌వాయిస్, కార్డు స్టేట్‌మెంట్, ఆర్డర్ పేజీ స్క్రీన్‌షాట్ కొరియర్ వాళ్లకు పంపి రీఅసెస్‌మెంట్, అంటే పన్ను మళ్లీ లెక్క వేయమని అడగండి. పార్సిల్ ఇంకా కస్టమ్స్‌లో ఉండగానే అడిగితే పని సులువు. పన్ను వేసిన కస్టమ్స్ ఉత్తర్వు అందాక కూడా చట్టప్రకారం 60 రోజుల్లోపు కమిషనర్ అప్పీల్స్ దగ్గరికి వెళ్లొచ్చు, కానీ వెయ్యి రూపాయల కోసం ఆ తిరుగుడు ఎవరూ తిరగలేరు.

అంత డబ్బు వద్దనుకుంటే పార్సిల్ తీసుకోకుండా తిప్పి పంపొచ్చు. ముందు అమ్మేవాడి రిటర్న్ పాలసీ చదవండి. తిరుగు ఖర్చు, కొన్నిసార్లు డ్యూటీ కూడా మీ రీఫండ్‌లో కోసుకునేవాళ్లు ఉన్నారు. వస్తువు చెడిపోయి వస్తే, వెనక్కి పంపి కట్టిన డ్యూటీ రాబట్టుకోవడానికి కస్టమ్స్ చట్టంలో 26ఏ సెక్షన్ ఉంది, వస్తువు విడుదలైన రోజు నుంచి 30 రోజుల గడువు. పెట్టె విప్పేటప్పుడే వీడియో తీసి పెట్టుకుంటే ఆ గడువులో మీ మాటకు బలం ఉంటుంది.

9. ఫోన్ వస్తే నిజమో కాదో చూసుకోండి

పన్ను గురించి జనానికి తెలియకపోవడమే దొంగలకు పెట్టుబడి. రెండు రకాలు ఎక్కువ. ఒకటి ఇండియా పోస్టు పేరుతో వచ్చే ఎస్‌ఎంఎస్: మీ పార్సిల్ గోడౌన్‌కు వచ్చింది, అడ్రస్ సరిగా లేదు, 24 గంటల్లో ఈ లింకులో సరిచేయండి. లింకు నొక్కితే ఇరవై రూపాయలు కట్టమంటుంది, కార్డు వివరాలన్నీ పట్టేస్తుంది. రెండోది ఫేస్‌బుక్‌లో పరిచయమైన విదేశీ "స్నేహితుడు" బంగారం, డాలర్లు గిఫ్టుగా పంపాడని, ఢిల్లీ ఎయిర్‌పోర్టులో పట్టుకున్నామని, ముప్పై వేలు కడితే వదులుతామని కస్టమ్స్ ఆఫీసర్‌నంటూ వచ్చే ఫోన్. రిటైరైన పెద్దవాళ్లు ఇందులో లక్షలు పోగొట్టుకుంటున్నారు. ఇంట్లో అమ్మానాన్నలకు ఈ సంగతి తప్పకుండా చెప్పండి.

కస్టమ్స్ శాఖ ఎవరి సొంత బ్యాంకు ఖాతాలోకీ, యూపీఐలోకీ డబ్బు వేయమనదు. ఆ శాఖ పంపే ప్రతి ఉత్తరం మీదా డిన్ అనే నంబర్ ఉంటుంది, కస్టమ్స్‌కు పైన ఉండే కేంద్ర బోర్డు సీబీఐసీ వెబ్‌సైట్‌లో ఆ నంబర్ కొడితే అసలుదో నకిలీదో తెలుస్తుంది. మీరు నిజంగానే ఆర్డర్ పెట్టి ఉంటే మెసేజ్‌లోని లింకు నొక్కకుండా, కొరియర్ వెబ్‌సైట్ మీరే తెరిచి ట్రాకింగ్ నంబర్ కొట్టండి. కట్టాల్సింది ఉంటే అక్కడ కనిపిస్తుంది.

డబ్బు పోయిందని తెలిసిన వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ట్రాన్సాక్షన్ నంబర్, టైము, ఏ ఖాతాకు వెళ్లిందో చేతిలో పెట్టుకుని మాట్లాడితే ఆ డబ్బు మరో ఖాతాలోకి దాటకముందే ఆపే అవకాశం ఉంటుంది. తర్వాత నేషనల్ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేసి, ఆ ఫిర్యాదు నంబర్‌తో మీ బ్యాంకు బ్రాంచికి వెళ్లి రాతపూర్వకంగా ఇచ్చి రండి.